అడుగు రాయి తగిలేదాకా చూడండి: కొండ లోయల్లో కట్టడాలు కట్టేవారికి బహిరంగ లేఖ

పర్వత లోయల్లో సొరంగాలు, రోడ్లు, జలవిద్యుత్ కేంద్రాలు, కాలనీలు కట్టే ఇంజినీర్లకు, వాటికి అనుమతులిచ్చే అధికారులకు,

నమస్కారం.

మిమ్మల్ని అడగాలనుకున్నది ఒక్కటే. ఒకప్పుడు మంచు కప్పి ఉన్న కొండల మధ్య విశాలంగా చదునైన నేల కనబడితే, అక్కడ ఏదైనా కట్టే ముందు ఆ చదును కింద ఏముందో అడుగు రాయి, అంటే మట్టి అంతటికీ కింద ఉన్న అసలు రాతి నేల, తగిలేదాకా చూడండి. పది మీటర్లు కాదు, ముప్పై మీటర్లు కాదు, రాయి తగిలేదాకా. ఆ చూసినదాన్ని భద్రపరచండి, చదివేవాళ్లకు ఇవ్వండి. ఈ మాట ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానో వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

కొండల్లో చదును నేల దొరకడమే కష్టం. దొరికిన కాస్త చోటులోనే హెలిప్యాడ్, బస్టాండ్, ఆస్పత్రి, కార్మికుల క్యాంపు, తర్వాత మెల్లగా ఊరు, అన్నీ వచ్చేస్తాయి. అన్నివైపులా నిటారుగా ఉన్న కొండల మధ్య ఇంత చదును ఎలా ఏర్పడిందన్న ప్రశ్న మాత్రం ప్రాజెక్టు రిపోర్టుల్లో అరుదుగా కనిపిస్తుంది. హిమానీనదాలు నడిచిన లోయల్లో చాలాచోట్ల దానికి జవాబు ఒక్కటే. అక్కడ సరస్సు ఉండేది. అది పూడిపోయింది. మనం నిలబడి చూస్తున్నది ఆ పూడిక పైభాగాన్ని.

నది తవ్వే తీరు వేరు, హిమానీనదం తవ్వే తీరు వేరు. నది ఎప్పుడూ పల్లానికే పోతుంది కాబట్టి అది తవ్విన లోయ అడుగు కూడా మొత్తం మీద కిందికే వాలుతూ పోతుంది. మంచు అలా కాదు. వందల మీటర్ల మందాన తన బరువుతో తానే ముందుకు జరుగుతుంది, అడుగున ఎదురువాలు వచ్చినా ఎక్కేస్తుంది. దాని కింద ఒత్తిడిలో పారే నీళ్లు కూడా ఎదురెక్కగలవు, అరిగిన రాతిపొడిని బయటికి తోసేయగలవు. అందుకని మెత్తటి రాయి ఉన్నచోట, రెండు హిమానీనదాలు కలిసేచోట, లోయ అడుగులో లోతైన గుంటలు పడతాయి. మంచు వెనక్కి తగ్గినప్పుడు ఆ గుంటలో నీళ్లు నిలుస్తాయి. కింది వైపున అరగకుండా మిగిలిన రాతి గట్టు గానీ, మంచు తోసుకొచ్చి కుప్పపోసిన రాళ్లూ మట్టీ (మొరైన్) గానీ ఆనకట్టలా అడ్డం ఉంటుంది. అలా సరస్సు పుడుతుంది. పుట్టిన రోజు నుంచే పూడటం మొదలవుతుంది.

ఇక ఆ పూడిక సంగతి. మీకు ఎక్కువగా పనికొచ్చేది ఇదే.

నది సరస్సులోకి దిగేచోట ముందు బరువైనవి ఆగిపోతాయి, రాళ్లు, కంకర, ముతక ఇసుక. డెల్టా కట్టి మెల్లగా సరస్సులోకి జరుగుతూ వస్తుంది. సన్నటి రాతిపిండి మాత్రం నీళ్లలో తేలుతూ దూరం పోయి, నిలకడగా ఉన్నచోట అడుగుకు దిగుతుంది. ఎండాకాలం మంచు బాగా కరిగి నదులు ఉరకలెత్తినప్పుడు కాస్త ముతక ఒండ్రు, చలికాలం సరస్సు పైన గడ్డకట్టి నీళ్లు కదలకుండా ఉన్నప్పుడు బాగా సన్నటి బంకమట్టి. లేత పొర, ముదురు పొర, రెండూ కలిస్తే ఒక ఏడాది. దీన్నే వార్వ్ అంటారు. స్వీడన్ శాస్త్రవేత్త జెరార్డ్ డి గీర్ 19వ శతాబ్దం చివర్లో ఈ పొరల్ని ఒక్కొక్కటిగా లెక్కపెట్టడం మొదలుపెట్టి, ఒకచోటి పొరల్ని ఇంకోచోటి పొరలతో సరిపోల్చి, అక్కడి మంచు ఏ ఏడాది ఎంత వెనక్కి జరిగిందో కూడా చెప్పగలిగాడు. అప్పటికి పాత చెట్ల అవశేషాల వయసు కొలిచే రేడియోకార్బన్ పద్ధతి లేదు, ఏమీ లేదు. ఓపికగా లెక్కపెట్టడమే.

అలా ఏటేటా సరస్సు నిండుతుంది. డెల్టా ఈ చివరి నుంచి ఆ చివరికి చేరుతుంది. అప్పుడు నది ఆ చదును మీదుగా పారుతూ పైన కంకర, ఇసుక పరుస్తుంది. పక్క వాగులు తమ వంతు రాళ్లు తెచ్చి పోస్తాయి. చివరికి పైనుంచి చూస్తే గట్టి గులకరాళ్ల నేల. దాని మీద గడ్డి, చెట్లు. కింద ఇసుక. దాని కింద ఎన్నో మీటర్ల బంకమట్టి, కొన్నిచోట్ల వందల మీటర్లు. ఇంకా కింద మంచు వదిలిపెట్టిన రాళ్లూ మట్టీ. ఆ తర్వాతే అసలు రాయి.

నా భయమంతా ఈ వరుసతోనే. పునాది కోసం మీరు వేసే మామూలు బోరు పైనున్న కంకరలోనే ఆగిపోతుంది. రిపోర్టులో 'దృఢమైన నేల' అని రాస్తారు. అందులో అబద్ధం లేదు, ఆ పదిహేను మీటర్లూ నిజంగానే దృఢం. దాని కింద తడిసిన మెత్తటి బంకమట్టి ఉందన్న సంగతి ఆ రిపోర్టులో ఉండదు, ఎందుకంటే ఎవరూ అంత దూరం వెళ్లలేదు. కట్టడం బరువుకు ఆ బంకమట్టిలోని నీళ్లు ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా బయటికి పోతూ నేల కుంగుతుంది. ప్రాజెక్టు అప్పగించే రోజున ఏ పగులూ కనబడదు. పగుళ్లు వచ్చేసరికి కాంట్రాక్టరూ ఉండడు, సంతకం పెట్టిన అధికారీ బదిలీ అయిపోయి ఉంటాడు. ఇళ్లలో ఉండేవాళ్లే మిగులుతారు.

సొరంగాల విషయంలో ఈ నిర్లక్ష్యానికి మనుషులు ప్రాణాలతో మూల్యం కట్టారు. స్విట్జర్లాండ్‌లో లోట్ష్‌బెర్గ్ రైలు సొరంగం తవ్వుతున్నప్పుడు గాస్టర్న్ లోయ కింద నుంచి దారి గీశారు. లోయ అడుగు నుంచి సుమారు 180 మీటర్ల లోతు కాబట్టి సొరంగం గట్టి రాయిలోనే ఉంటుందని అనుకున్నారు. 1908 జులై 24న పేలుడు పెట్టగానే ముందున్న రాయి తెగిపోయి, నీళ్లతో నిండిన ఇసుకా కంకరా ఒక్కసారిగా లోపలికి దూసుకొచ్చాయి. కిలోమీటరుకు పైగా సొరంగం నిండిపోయింది. 25 మంది కార్మికులు చనిపోయారు, వాళ్లలో ఎక్కువమంది బతుకుదెరువు కోసం ఇటలీ నుంచి వచ్చినవాళ్లు. రాయి ఉంటుందని అనుకున్నచోట ఉన్నది మంచు తొలిచిన గుంట, దాన్ని నింపిన పూడిక. ఆ తర్వాత ఆ భాగాన్ని గోడ కట్టి మూసేసి, సొరంగాన్ని వంపు తిప్పి వేరే దారిన తీసుకెళ్లాల్సి వచ్చింది. 13.7 కిలోమీటర్లు కావలసింది 14.6 కిలోమీటర్లు అయింది, 1913లో గానీ రైళ్లు తిరగలేదు. ఆ లోయలో ముందే అడుగు దాకా బోరు వేసి చూసి ఉంటే ఆ 25 మందీ ఇళ్లకు వెళ్లేవాళ్లు.

అప్పట్లో తెలియదు కదా అనకండి. హిమానీనదాలు రాయిని తొలుస్తాయన్న మాట 1908 నాటికే కొత్త కాదు. ఎంత లోతుకు తొలుస్తాయన్నదే ఊహకు అందలేదు. ఆ పొరపాటు చాలామంది గొప్పవాళ్లు చేశారు. కాలిఫోర్నియాలోని యోసెమిటీ లోయనే తీసుకోండి. 1930లో ఫ్రాన్స్వా మాథెస్ అనే జియాలజిస్టు ఆ లోయ చరిత్ర అద్భుతంగా రాశాడు, అక్కడ పాత సరస్సు ఉండేదని కూడా చెప్పాడు, కానీ పూడిక అంత లోతు ఉంటుందని అనుకోలేదు. తర్వాత బెనో గుటెన్‌బర్గ్, జాన్ బువాల్డా, రాబర్ట్ షార్ప్ అనే శాస్త్రవేత్తలు భూమిలోకి ధ్వని తరంగాలు పంపి కొలిచిన వివరాలు 1956లో అచ్చయ్యాయి. కొన్నిచోట్ల పూడిక మందం సుమారు 600 మీటర్లని తేలింది. అంత పేరున్న లోయ, అన్ని వేలమంది రోజూ నడిచే నేల, దాని కింద ఇంకో లోయ అంత లోతు మట్టి ఉందని కొలిచేదాకా ఎవరికీ తెలియదు. అదంతా ఒకే సరస్సు పూడిక కూడా కాదు, ఒకదాని తర్వాత ఒకటి వచ్చిన మంచు కాలాల్లో గుంట తవ్వుకోవడం, నిండటం, మళ్లీ కొంత తవ్వుకోవడం జరిగాయి.

ఆల్ప్స్‌లోనూ ఇదే కథ. స్విట్జర్లాండ్‌లోని రోన్ నది లోయలో మార్టిన్యీ పట్టణం దగ్గర అడుగు రాయి సముద్ర మట్టం కంటే కూడా కిందికి ఉంది. ఫ్రాన్స్‌లో గ్రెనోబుల్ పట్టణం దగ్గర మోంబోనో అనేచోట వేసిన బోరుకు 535 మీటర్ల లోతులో గానీ రాయి తగలలేదు. ఈ అంకెలు చెబుతున్నది మీ లోయలోనూ అంత ఉంటుందని కాదు. లోయ ఆకారం చూసి, పక్క కొండల వాలు చూసి లోతు ఊహించడం కుదరదని చెప్పడానికి.

మన హిమాలయాల్లోకి వద్దాం. ఉత్తరాఖండ్ పిథోరాగఢ్ జిల్లాలో, కాళీ నది లోయలో గర్బ్యాంగ్ అనే ఊరుంది, కైలాస మానససరోవర యాత్ర దారిలో. పాత సరస్సు మేటల మీద కట్టుకున్న ఊరు అది. ఎన్నో దశాబ్దాలుగా కుంగుతోంది, దానికి 'కుంగుతున్న ఊరు' అన్న పేరే పడిపోయింది. అదే మేటల్ని శాస్త్రవేత్తలు పొర పొరగా చదివినప్పుడు సుమారు 20 వేల ఏళ్ల నుంచి 10 వేల ఏళ్ల క్రితం వరకు అక్కడి వాతావరణం ఎలా మారిందో తెలిసింది. ఇంకో సంగతీ తెలిసింది. కొన్ని పొరలు చదునుగా లేవు, మెత్తగా ఉన్నప్పుడే కలగాపులగంగా మడతలు పడి ఉన్నాయి, అవి పాత భూకంపాల గుర్తులు. ఊరిని కుంగదీస్తున్న మట్టే, ఆ లోయలో భూమి ఎప్పుడెప్పుడు కంపించిందో రాసి పెట్టుకుంది. ఇంజినీరుకు కావలసిన సమాచారమూ, వాతావరణ శాస్త్రవేత్తకు కావలసిన సమాచారమూ ఒకే మట్టిలో ఉన్నప్పుడు మనం వాటిని రెండు వేర్వేరు ఆఫీసుల్లో, ఒకరి మొహం ఒకరు చూడకుండా ఎందుకు చదువుతున్నామో నాకు అర్థం కాదు.

భూకంపం అనగానే మీరు జోన్ మ్యాప్ తీసి అందులో అంకె చూసుకుంటారు. అది చాలదు. గట్టి రాతి గుంటలో మెత్తటి పూడిక ఉన్నప్పుడు, గిన్నెలో నీళ్లు ఊగినట్టు ఆ పూడిక మొత్తం ఊగుతుంది. ఎంత వేగంగా ఊగుతుందన్నది దాని మందం మీద ఆధారపడుతుంది. లెక్క చాలా తేలిక. పూడిక మందాన్ని నాలుగుతో గుణించి, నేలను పక్కలకు ఊపే అడ్డ తరంగాల వేగంతో భాగించాలి. ఆ మట్టిలో ఆ తరంగాలు సెకనుకు 400 మీటర్ల వేగంతో పోతాయనుకుందాం. పూడిక 50 మీటర్ల మందం ఉంటే ఒక ఊపుకు పట్టే సమయం అర సెకను, అంటే సుమారు ఐదంతస్తుల కట్టడం సహజంగా ఊగే వేగం, రెండూ ఒకే వేగంతో ఊగితే కట్టడం ఊపు ఇంకా పెరుగుతుంది. 200 మీటర్లు ఉంటే రెండు సెకన్లు, అది సుమారు ఇరవై అంతస్తుల భవనానికి, పొడవాటి వంతెనలకు ప్రమాదం. ఒకే లోయలో అంచున ఒక మందం, మధ్యలో ఇంకో మందం. అంటే ఎక్కడ ఎంత ఎత్తు కట్టాలన్నది అడుగు రాయి లోతు తెలియకుండా చెప్పలేం. పైగా తరంగాలు గుంట అంచుల్లో తగిలి వెనక్కి తిరుగుతూ లోపలే చిక్కుకుంటాయి, పక్కనున్న రాతి నేల మీద ఊపు ఆగిపోయాక కూడా ఇక్కడ ఊగుతూనే ఉంటుంది. 2015 ఏప్రిల్ 25న కాఠ్మాండూ లోయ అలాగే నెమ్మదిగా, చాలాసేపు ఊగింది. అక్కడి పాత సరస్సు మంచు తొలిచిన గుంట కాదు, అయినా పూడిక పూడికే, భూకంపానికి తేడా ఉండదు.

వాలుల సంగతీ మరిచిపోకండి. సరస్సు పూడిపోయాక నది దాన్ని మళ్లీ కోసుకుంటూ పోతే, పాత బంకమట్టి లోయ పక్కల్లో మెట్లలాగా మిగిలిపోతుంది. పైనున్న ఇసుకలోంచి దిగిన వాననీళ్లు ఆ బంకమట్టి దగ్గరికి వచ్చి ఆగిపోతాయి, పక్కకు పారతాయి, ఒత్తిడి పెరుగుతుంది. 2014 మార్చి 22న అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో ఓసో దగ్గర సరిగ్గా ఇలాంటి మేటలున్న వాలు, వారాల తరబడి కురిసిన వానల తర్వాత విరిగి పడి, నదిని దాటి అవతలి ఇళ్ల మీదికి వెళ్లింది. 43 మంది చనిపోయారు. ఆ వాలు అంతకుముందు 2006లో కూడా జారింది. రోడ్డు కోసం ఇలాంటి మెట్టు పాదాన్ని పొక్లెయిన్‌తో కోసేటప్పుడు ఎవరైనా ఒక్క నిమిషం ఆగి, ఆ కోతలో బూడిద రంగు సన్నటి చారలు కనిపిస్తున్నాయేమో చూస్తే బాగుంటుంది. ఆ చారలు కనిపిస్తే పని ఆపి జియాలజిస్టును పిలవండి. అది చూడటానికి పెద్ద చదువు అక్కర్లేదు, పొక్లెయిన్ నడిపేవాళ్లకు ఒక గంట కూర్చోబెట్టి చూపిస్తే చాలు, వాళ్ల కళ్లకు మన కళ్ల కంటే ముందే దొరుకుతాయి.

ఖర్చు అంటారు, తెలుసు. అంత లోతు బోరు కొండల మీద వేయడం నిజంగానే ఖరీదైన పని. మిషన్ ఎక్కించాలి, నీళ్లు కావాలి, బోరు గోడలు కూలకుండా కేసింగ్ గొట్టం దింపాలి, బంకమట్టి కింద ఇసుకలో ఒత్తిడితో నీళ్లు ఉంటే బోరులోంచి పైకి ఎగజిమ్మే ప్రమాదం కూడా ఉంటుంది. నేను అడుగడుక్కీ బోరు వేయమనట్లేదు. ముందు చౌకైన పద్ధతులతో మొదలుపెట్టండి. నేల ఎప్పుడూ సన్నగా కంపిస్తూనే ఉంటుంది, ఆ కంపనాన్ని కొలిచే చిన్న పరికరాన్ని లోయకు అడ్డంగా అక్కడక్కడా పెట్టి కొంతసేపు రికార్డు చేస్తే, ఎక్కడ పూడిక లోతుగా ఉందో మోటుగా తెలిసిపోతుంది. గురుత్వాకర్షణ కొలతలతో గుంట ఆకారం బయటపడుతుంది, ఎందుకంటే పూడిక రాయి కంటే తేలిక. విద్యుత్ నిరోధం కొలిస్తే బంకమట్టి ఎక్కడ, కంకర ఎక్కడ అన్నది విడివిడిగా కనబడుతుంది. నేలలోకి తరంగాలు పంపి తిరిగొచ్చే వాటిని కొలిచే సీస్మిక్ సర్వే చేస్తే పొరలూ, అడుగు రాయీ గీత గీసినట్టు వస్తాయి. ఇవన్నీ చూశాక అన్నిటికంటే లోతున్నచోట ఒక్క బోరు రాయి దాకా వేయండి. ఆ ఒక్క బోరు లేకపోతే మిగతా కొలతలన్నీ అంచనాలే. తరంగాల వేగం తప్పుగా అనుకుంటే లోతు తప్పుగా వస్తుంది, అంతే.

ఇక నాకు బాగా బాధ కలిగించే విషయం. ఒక ప్రాజెక్టు దగ్గర, పేరు చెప్పను, బోరులోంచి కడ్డీలా చెక్కుచెదరకుండా తీసిన మట్టి (దాన్నే కోర్ అంటారు) ఉన్న పెట్టెలు షెడ్డు బయట వానకు తడుస్తూ ఎండకు పగులుతూ పడి ఉన్నాయి. మూతలు లేవు, లోతు రాసిన గుర్తులు చెరిగిపోయాయి. కొన్నింటిలో పొరలు ఇంకా కనబడుతున్నాయి, జుట్టు మందాన చారలు. బరువు మోయగలదా లేదా అని పరీక్ష చేసి, నంబరు రాసుకుని, మిగతాది పారేశారు. వేల ఏళ్ల వానలు, వరదలు, మంచు, భూకంపాలు అందులో ఉన్నాయి. ఆ లోతు నుంచి దాన్ని పైకి తేవడానికి అయిన ఖర్చంతా అప్పటికే అయిపోయింది. దాచడానికి కావలసింది ఒక చల్లటి గది, ప్లాస్టిక్ చుట్టు, పెట్టె మీద పైన ఏది కింద ఏది అన్న గుర్తు. అదీ చేయలేదు.

పరిశోధకులు ఇలాంటి కోర్ కోసం ఏళ్ల తరబడి నిధుల వెంట తిరుగుతారు. ఆల్ప్స్‌లో మంచు లోతుగా తొలిచిన గుంటల్ని చదవడానికే ఐసీడీపీ అనే అంతర్జాతీయ డ్రిల్లింగ్ కార్యక్రమం కింద డవ్ అనే ప్రాజెక్టు పెట్టారు, 2021లో బోర్లు వేయడం మొదలైంది. దేశాలు కలిసి, డబ్బు పోగేసి, ఒక్కో బోరుకు చోటు జాగ్రత్తగా ఎంచుకుని వేశారు. మన దగ్గర అలాంటి లోయల్లోనే ప్రాజెక్టుల కోసం బోర్లు వేస్తున్నారు, ఆ మట్టే పారేస్తున్నారు.

ఆ మట్టి వల్ల మీకేం లాభం అంటే, చాలా ఉంది. మంచు తగ్గిన కొత్తలో కొండవాలుల మీద వదులు మట్టి విపరీతంగా ఉంటుంది, అది నదుల్లోకి దిగుతూనే ఉంటుంది, తర్వాత వేల ఏళ్లకు తగ్గుతుంది. ఇప్పుడు మళ్లీ హిమానీనదాలు వెనక్కి జరుగుతున్నాయి, వాటి ముందు కొత్త సరస్సులు పుడుతున్నాయి. మీ రిజర్వాయర్ ఎన్నేళ్లలో పూడుతుందన్న లెక్కకు గత ముప్పై నలభై ఏళ్ల కొలతలే ఆధారం చేసుకుంటే సరిపోదు. పాత సరస్సు ఎంత వేగంగా పూడిందో వార్వ్‌లు ఏడాది ఏడాదికీ చెబుతాయి. మధ్యలో అకస్మాత్తుగా ఒక మందపాటి ఇసుక పొర వస్తే అది పెద్ద వరద కావచ్చు, పైన ఇంకో సరస్సు తెగిపోవడం కావచ్చు. అలాంటివి ఎన్నాళ్లకోసారి వచ్చాయో లెక్కపెట్టవచ్చు. 2023 అక్టోబరులో సిక్కింలో సౌత్ లొనాక్ సరస్సు తెగి తీస్తా నది మీద చుంగ్‌థాంగ్ దగ్గరి డ్యామును ఊడ్చుకుపోయింది. అలాంటి వరద ఒక లోయలో ఇంతకుముందు వచ్చిందా, వస్తే ఎంత పెద్దది అన్న ప్రశ్నకు మనిషి రాసిపెట్టిన రికార్డులు కొన్ని దశాబ్దాలకు మించి జవాబు చెప్పలేవు.

చదవడంలో తప్పులు జరగవని చెప్పను. ప్రతి జత పొరా ఏడాదే అనుకోకూడదు, ఒకే వరద కూడా జత పొరలు వేయగలదు. మంచు నీటి సరస్సుల్లో చెట్ల అవశేషాలు తక్కువ కాబట్టి రేడియోకార్బన్‌కు సరిపడా పదార్థం దొరకదు, దొరికినా అది సుమారు 50 వేల ఏళ్లు దాటి పనిచేయదు. ఇసుక రేణువులు చివరిసారి వెలుగు చూసిందెప్పుడో కొలిచే పద్ధతి ఉంది, కానీ బురద నీళ్లలో కొట్టుకొచ్చిన రేణువుకు వెలుగు సరిగా తగిలి ఉండకపోతే వయసు ఎక్కువ చూపిస్తుంది. అందుకే ఒకరికి మించి, ఒక పద్ధతికి మించి చూడాలి. అందుకే కోర్ మిగిలి ఉండాలి. ఈరోజు ఒకరు తప్పు చదివితే పదేళ్ల తర్వాత ఇంకొకరు తీసి సరిచేసే వీలుండాలి.

మీ తదుపరి టెండరులో రాయగలిగేవి రాస్తున్నాను. చదును లోయలో ఏ పెద్ద కట్టడానికైనా అడుగు రాయి దాకా కనీసం ఒక బోరు తప్పనిసరి అని పెట్టండి, లోతు మీటర్లలో కాకుండా 'రాయి తగిలి, ఇంకొంత దూరం రాయిలోకి వెళ్లేదాకా' అని రాయండి. ఎందుకంటే పూడికలో ఇల్లంత బండరాళ్లు కూడా ఉంటాయి, బోరు అలాంటి బండకు తగిలి అదే అడుగనుకుని ఆగిపోయే ప్రమాదం ఉంది. ఏ లోతులో ఏం తగిలిందో రాసిన బోరు లాగ్‌లు, సర్వే డేటా రహస్యమని మూసేయకుండా విశ్వవిద్యాలయాలకూ పక్క ప్రాజెక్టులకూ ఇచ్చే షరతు పెట్టండి. కోర్ దాచడానికి అయ్యే ఖర్చును మొదట్లోనే అంచనాలో చేర్చండి, చివర్లో మిగిలితే చూద్దామంటే ఎప్పుడూ మిగలదు. ఇంకొక్కటి, బోరును కాంక్రీటుతో మూసే ముందు ఒక రోజు ఆగి, లోపలికి పరికరం దింపి తరంగాల వేగం పైనుంచి కింది దాకా కొలవనివ్వండి. మూసేశాక ఆ కొలత కావాలంటే మళ్లీ అంత ఖర్చూ పెట్టాల్సిందే.

ఇట్లు,
సరస్సు మేటల్ని చదివే ఒక జియాలజిస్టు